జాకీని నమ్మి బండి కింద దూరడమా?

మదనపల్లె ప్రాంతంలో టమాటా కోతలు ముమ్మరమయ్యే వేళకే పాత పికప్ వ్యాన్ల క్లచ్‌లు అరిగిపోవడం మామూలైపోయింది. తోటలో క్రేట్లు నింపుకుని, మట్టిబాటన మిట్టలెక్కి, మదనపల్లె, అంగళ్లు, గుర్రంకొండ, కలికిరి మార్కెట్లకు వేలం వేళకు చేరాల్సిన బండ్లివి. ఒక పూట ఆగితే సరుకు చెడుతుంది, బాడుగ పోతుంది. అందుకే చాలామంది పట్నం షెడ్డుకు పోకుండా ఇంటి ముందు చెట్టు నీడనే గేర్‌బాక్స్ దించి క్లచ్ మార్చుకుంటున్నారు. ఇందులో తప్పేమీ లేదు. చేసే తీరు చూస్తేనే భయం వేస్తుంది.

బొలెరో పికప్ ఖాళీ బండే టన్నున్నర ఉంటుంది. దాన్ని ఒక్క జాకీతో లేపి, కింద నాలుగు ఇటుకలు పేర్చి మనిషి దూరుతున్నాడు. ఇటుక చెప్పి పగలదు. మెత్తటి నేలలో జాకీ ఒరుగుతుంది. జాకీ ఉన్నది బండిని లేపడానికే గాని మోయడానికి కాదు. పానాతో గేర్‌బాక్స్ బోల్టులు బలంగా లాగినప్పుడు బండి కదలకా మానదు. 'గేరులో వేశాం కదా' అన్న ధీమా కూడా పనికిరాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పిన మరుక్షణం గేరుకూ వెనక చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. గట్టి నేల, ఇనుప స్టాండ్లు, చక్రాలకు ముందూ వెనకా అడ్డం రాళ్లు, ఇవి లేకుండా ఎవరూ కిందికి పోరాదు. గేర్‌బాక్స్‌ను ఛాతీ మీదికి దించుకునే ధైర్యవంతులూ ఉన్నారు. అది ధైర్యం ఎలా అవుతుంది?

అసలు క్లచ్ పోయిందో లేదో ముందు చూసుకోవాలి. హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, నాలుగో గేరులో పెట్టి, క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతున్నట్టే. అయితే పెడల్‌కు ఉండవలసిన కాస్త ప్లే లేకపోయినా జారుతుంది. సర్దితే పోయే దానికి గేర్‌బాక్స్ దించడమెందుకు?

దించాక కొందరు ప్లేటు ఒక్కటే మార్చి, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ పాతవే బిగించేస్తున్నారు. ఇది ఆదా కాదు. ఆ బేరింగ్ నెల తర్వాత అరవడం మొదలుపెడితే మళ్లీ ఇదే చాకిరీ. మూడూ ఒకేసారి మార్చాలి. ఫ్లైవీల్ మీద నీలి మచ్చలు, గీతలు పడితే లేత్ వద్ద చూపించాలి. ఇంజన్ వెనక సీలు నుంచి నూనె కారుతుంటే దాన్నీ అప్పుడే మార్చాలి. లేకుంటే కొత్త ప్లేటు నూనెలో నాని వారాల్లోనే జారుతుంది.

బిగింపులో తొందర పనికిరాదు. ప్లేటు సరిగ్గా నడిమికి రాకపోతే గేర్‌బాక్స్ లోపలికి పోదు. పోవడం లేదని బోల్టులతో లాగినా, గేర్‌బాక్స్ బరువును షాఫ్ట్ మీద వేలాడదీసినా కొత్త ప్లేటు వంగుతుంది. పాత ఇన్‌పుట్ షాఫ్ట్ ముక్క ఒకటి ఉంటే ప్లేటు నిలపడం సులువు.

లోపలి దుమ్మును నోటితో ఊదే అలవాటు మానాలి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. అది ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

స్టాండ్లు, గేర్‌బాక్స్ జాకీ ప్రతి బండివాడూ కొనలేడు. ఏడాదికో రెండేళ్లకో ఒక్కసారి అక్కరకొచ్చే వస్తువుకు డబ్బు పెట్టమంటే ఎవరు పెడతారు? ఎరువులు, విత్తనాలు అమ్మే సహకార సంఘాలు ఊరికొక జత స్టాండ్లు కొని, స్వల్ప అద్దెకు ఇవ్వడం పెద్ద భారమేమీ కాదు. వచ్చే కోతల నాటికైనా సంఘాల పాలకవర్గాలు ఈ విషయం ఆలోచించాలి.