పొత్తు వ్యాపారం: మనం రాసుకోనిది చట్టం రాస్తుంది

హైదరాబాద్ శివారు నాదర్‌గుల్‌లో వెంచర్ పడిందంటే వెనకాలే హార్డ్‌వేర్ షాపో ప్లైవుడ్ షాపో తెరుచుకుంటుంది. అటు ఆదిభట్లలో విమాన విడిభాగాల ఫ్యాక్టరీలు వచ్చాక, వాటికి పని చేసిపెట్టాలని లేత్ మెషీన్ కొనే కుర్రాళ్లూ కనిపిస్తున్నారు. వీటిలో చాలావరకు బావాబామ్మర్దుల పొత్తులో, స్నేహితుల పొత్తులో మొదలయ్యేవే. షాపు బోర్డు మీద ఏ రంగు ఉండాలో వారం రోజులు చర్చిస్తారు గానీ, వాటాల సంగతి వస్తే మాత్రం 'మనలో మనకు కాగితాలెందుకు' అంటారు.

బావ 15 లక్షలు పెట్టి తన ఉద్యోగం తాను చేసుకుంటున్నాడనుకుందాం. బామ్మర్ది 5 లక్షలు పెట్టి, పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి రాత్రి గల్లా లెక్క తేలేదాకా షాపులోనే ఉంటాడు. ఏడాది తిరిగేసరికి బావ ముప్పావు వాటా అడుగుతాడు. బామ్మర్దేమో నెలకు పాతికవేల జీతం పోగా మిగిలిందే లాభమంటాడు. వేరే ఒప్పందం ఉందని రుజువు చేయలేకపోతే ఇద్దరి మాటా చెల్లదు. 1932 నాటి భాగస్వామ్య చట్టం 13వ సెక్షన్ ప్రకారం లాభనష్టాలు సగం సగం, పనిచేసినందుకు జీతం సున్నా. వాటా ధనానికి మించి షాపుకు సర్దిన డబ్బుకు వడ్డీ ఏడాదికి 6 శాతమే. ఆ డబ్బును నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవాడి గతి ఏమిటో ఊహించుకోవచ్చు.

అప్పుల దగ్గర ఇంకా చిక్కు. ఫర్మ్ బాకీకి ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. వాటా పావలా అయినా సొంత ప్లాటు మీదికి రావచ్చు. పైగా ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే, ఉద్దెర తీసుకుని ఎగ్గొట్టిన కాంట్రాక్టర్ మీద ఫర్మ్ తరఫున దావా వేసే వీలే లేదు. అతను మాత్రం మన మీద వేయొచ్చు!

అలాగని అందరూ ప్రైవేట్ లిమిటెడ్ పెట్టాలనను. ఇద్దరు నడిపే షాపుకు రిజిస్టరైన పార్ట్‌నర్‌షిప్ చాలు. అప్పు తెచ్చి మెషీన్లు దించే వర్క్‌షాపుకైతే ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్యం) మేలు. అయితే బ్యాంకు వ్యక్తిగత పూచీ రాయించుకుంటే పరిమిత బాధ్యత ఆ అప్పు వరకు మాటవరసకే. ఆ వర్క్‌షాపు చిన్న పరిశ్రమగా ఉద్యమ్ పోర్టల్‌లో నమోదై ఉంటే, సరుకు తీసుకున్న కంపెనీ రాతపూర్వక ఒప్పందం లేనప్పుడు 15 రోజుల్లో, ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలి. కొని అమ్మే షాపులకు ఈ రక్షణ లేదు.

భాగస్వామ్య ఒప్పంద పత్రం (డీడ్)లో ఎవరి వాటా ఎంత, జీతం ఎవరికి, చెక్కు మీద సంతకం ఎవరిది, విడిపోతే సరుకుకు ధర కట్టేదెలా అన్నవి ఉండాలి. ఇద్దరికి మించి భాగస్వాములుంటే, ఒకరు చనిపోయినా ఫర్మ్ కొనసాగుతుందన్న వాక్యం మరిచిపోవద్దు. అది లేకుంటే 42వ సెక్షన్ ప్రకారం ఆ మరణంతోనే ఫర్మ్ రద్దవుతుంది.