మార్పిడి విద్యార్థి: అక్కడ కుదురుకోవడం ఇక్కడే మొదలు కావాలి

భారత్, జపాన్ ప్రభుత్వాలు 2025 ఆగస్టులో టోక్యోలో జరిగిన శిఖరాగ్ర సమావేశంలో మానవ వనరుల మార్పిడికి ఒక కార్యాచరణ ప్రణాళికను ప్రకటించాయి. ఐదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు సాగించాలనీ, వారిలో భారత్ నుంచి జపాన్‌కు వెళ్లే 50 వేల మంది నిపుణులు, ప్రతిభ గల యువత ఉండాలనీ ఆ ప్రణాళిక లక్ష్యం. అంతకు ముందే, 2033 నాటికి తమ దేశంలో విదేశీ విద్యార్థుల సంఖ్యను 4 లక్షలకు చేర్చాలని జపాన్ 2023లో సంకల్పించింది.

అంకెలు ఘనంగానే ఉన్నాయి. అయితే ఇటువంటి లక్ష్యాల జయాపజయాలు చాలా చిన్న విషయాల దగ్గర తేలుతాయి. ఒక సెమిస్టర్ కోసం వెళ్లిన విద్యార్థి సకాలంలో చిరునామా నమోదు చేయించుకోగలిగాడా, బ్యాంకు ఖాతా తెరవగలిగాడా, తిరిగి వచ్చాక అక్కడి చదువుకు ఇక్కడ క్రెడిట్లు దక్కాయా అన్నవి అటువంటివి. వీటిని విద్యార్థి వ్యక్తిగత చొరవకు సంబంధించిన సంగతులుగా చూడటం మన విశ్వవిద్యాలయాలకు అలవాటు. నిజానికి ఇవి పంపే సంస్థ బాధ్యతలు.

కాలమే అసలు పెట్టుబడి

విదేశంలో డిగ్రీ చదివే విద్యార్థికీ, మార్పిడి విద్యార్థికీ మౌలికమైన తేడా ఉంది. రెండు విశ్వవిద్యాలయాల మధ్య కుదిరిన ఒప్పందం మేరకు రెండో వ్యక్తి ఒకటి లేదా రెండు సెమిస్టర్లు అక్కడ చదివి తిరిగి వస్తాడు. సాధారణంగా ఫీజు సొంత సంస్థకే చెల్లిస్తాడు. జపాన్ జాతీయ విశ్వవిద్యాలయాల ప్రామాణిక వార్షిక ఫీజు 5,35,800 యెన్లు. ఆ భారం తప్పడం మధ్యతరగతి కుటుంబానికి చిన్న ఊరట కాదు.

కానీ అతనికి దొరికే వ్యవధి స్వల్పం. శరదృతువు సెమిస్టర్ సెప్టెంబరు చివర లేదా అక్టోబరు మొదట్లో ఆరంభమై ఫిబ్రవరి తొలి వారాలకల్లా ముగుస్తుంది. తరగతులు జరిగేది సుమారు 15 వారాలే. నాలుగేళ్ల డిగ్రీకి వెళ్లినవారు తొలి నెలను కాగితాల పనికి పోగొట్టుకున్నా తర్వాత భర్తీ చేసుకోగలరు. మార్పిడి విద్యార్థికి ఆ నెల మొత్తం అవకాశంలో పావు వంతుకు మించుతుంది.

తొలి 14 రోజులు

మూడు నెలలకు మించి ఉండేందుకు వచ్చే విద్యార్థికి ప్రధాన విమానాశ్రయాల్లో దిగగానే నివాస కార్డు ఇస్తారు. నివాసం కుదిరిన 14 రోజుల్లోగా స్థానిక పురపాలక కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. జాతీయ ఆరోగ్య బీమాలో చేరడం తప్పనిసరి. చేరితే వైద్య ఖర్చులో 70 శాతాన్ని బీమా భరిస్తుంది. 20 ఏళ్లు నిండినవారు జాతీయ పింఛను పథకంలో కూడా నమోదు కావాలి. ఆదాయం లేనివారు మినహాయింపు కోరవచ్చు. ఆ సంగతి తెలియక దరఖాస్తు చేయనివారికి కొన్నాళ్ల తర్వాత చెల్లింపు నోటీసు చేతికందుతుంది.

బ్యాంకు దగ్గర చిక్కు మరింత జటిలం. దేశంలో ఆరు నెలలు నిండనివారిని విదేశీ మారకద్రవ్య నిబంధనలు ప్రవాసులుగానే పరిగణిస్తాయి. అందువల్ల ఖాతా దొరకడం కష్టం, దొరికినా సేవలు పరిమితం. ఖాతాకు స్థానిక ఫోను నంబరు కావాలంటారు. ఫోను కనెక్షనుకు బ్యాంకు ఖాతానో క్రెడిట్ కార్డో అడుగుతారు. ఇల్లు అద్దెకు తీసుకోవాలంటే డిపాజిట్‌తో పాటు చాలాచోట్ల యజమానికి తిరిగిరాని సొమ్ము చెల్లించాలి. పూచీ ఇచ్చేవారిని కూడా చూపించాలి. చిరుద్యోగం చేయాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. తీసుకున్నా తరగతులు జరిగే కాలంలో వారానికి 28 గంటలు మించరాదు.

వీటిలో దేనికదే దాటరాని అడ్డంకి కాదు. అన్నీ ఒకే పక్షంలో, చదవరాని లిపిలో మీద పడటమే కష్టం. ఆతిథ్య విశ్వవిద్యాలయం వసతి గృహంలో గది ఇచ్చి, పూచీ భారం తీసుకుని, తోడుగా ఒక స్థానిక విద్యార్థిని పంపినచోట ఈ పనులు కొద్ది రోజుల్లో ముగుస్తాయి. ఆ ఏర్పాటు లేనిచోట వారాలు గడిచిపోతాయి.

నేపాల్ అనుభవం

దక్షిణాసియా నుంచి జపాన్‌కు వెళ్లే విద్యార్థుల గురించి మాట్లాడేటప్పుడు ముందుగా చెప్పుకోవలసింది నేపాల్ గురించే. అక్కడి విదేశీ విద్యార్థుల్లో చైనా తర్వాత స్థానం ఇప్పుడు నేపాలీలదే. శ్రీలంక, బంగ్లాదేశ్ విద్యార్థుల సంఖ్య కూడా పెరుగుతోంది. వీరిలో అనేకులు భాషా పాఠశాలల ద్వారా ప్రవేశించి, అనుమతి ఉన్న 28 గంటల పనితో ఖర్చులు గడుపుకుంటూ, ఆపై వృత్తి విద్యా సంస్థల్లో చేరుతున్నారు. పూచీగా నిలిచే విశ్వవిద్యాలయం వారికి తొలినాళ్లలో ఉండదు. ఆ లోటును ముందుగా వచ్చిన స్వదేశీయులు తీరుస్తారు. టోక్యోలోని షిన్-ఓకుబో ప్రాంతంలో నేపాలీ దుకాణాలు, భోజనశాలలు కొత్తవారికి గది వివరాల నుంచి పని కబుర్ల వరకు అందించే కూడళ్లుగా మారాయి.

భారతీయ మార్పిడి విద్యార్థి పరిస్థితి దీనికి తలకిందులు. అతని వెనుక సంస్థ ఉంటుంది, చుట్టూ సమూహం ఉండదు. టోక్యోలోని నిషి-కసాయి వంటి చోట భారతీయ కుటుంబాలు గణనీయంగానే ఉన్నాయి. అయితే ఒప్పందం కుదిరిన విశ్వవిద్యాలయం తొహోకులోనో, షికోకులోనో ఉంటే ఆ సాయం చేరువలో దొరకదు. సమూహం ఇవ్వలేని ఆసరాను సంస్థే ఇవ్వాలి. అది కూడా కాగితం మీద కాక, పేరూ ఫోను నంబరూ ఉన్న మనిషి రూపంలో ఇవ్వాలి.

భాష, భోజనం, ఏకాంతం

పాఠాలు ఆంగ్లంలో ఉన్నాయన్న భరోసాతో బయలుదేరేవారు ఒక సంగతి మరచిపోతారు. తరగతి గది దాటగానే ప్రతి కాగితమూ జపనీస్‌లోనే ఉంటుంది. ఏ రోజు ఏ రకం చెత్త బయట పెట్టాలో చెప్పే పట్టిక సైతం అంతే. నిత్యవ్యవహార కంజి అక్షరాలు 2,136. వాటినన్నిటినీ నేర్చి వెళ్లడం సాధ్యం కాదు, అవసరమూ లేదు. కానీ హిరగన, కతకన అనే రెండు అక్షరమాలలు ఒక్కొక్కటి 46 మూలాక్షరాలే. బయలుదేరే లోపు అవి నేర్పించగల వ్యవధి ప్రతి విశ్వవిద్యాలయానికీ ఉంటుంది.

శాకాహారులకు మరో పరీక్ష. చేప ముక్క కనిపించని సూపులో కూడా తరచూ ఎండుచేపల రసం కలిసి ఉంటుంది. కూరగాయల పదార్థం కావాలని అడిగితే సరిపోదు. ఏమేమి తినరో వివరంగా రాసిన చీటీ చూపించవలసి వస్తుంది. వసతి గృహంలో వంటగది ఉందా లేదా అన్నది ఇక్కడ సౌకర్యం కాదు, ఆరోగ్య విషయం.

డిసెంబరులో టోక్యోలో సాయంత్రం నాలుగున్నరకే పొద్దు వాలుతుంది. ఇంటివారు రాత్రి ఎనిమిదికి తీరిక చేసుకుని ఫోను చేసేసరికి అక్కడ పదకొండున్నర అవుతుంది. చీకటి, అలసట, అర్థంకాని మాటల నడుమ కమ్ముకునే ఏకాంతాన్ని చాలామంది విద్యార్థులు ఇంట్లో చెప్పుకోరు. బాగానే ఉన్నామనే మాటతో సరిపెడతారు. విశ్వవిద్యాలయంలో సలహా కేంద్రం ఎక్కడుందో, ఏ భాషలో మాట్లాడవచ్చో ముందే తెలిసినవారికి ఆ తలుపు తట్టడం తేలికవుతుంది.

క్రెడిట్ల లెక్క తేలకుంటే

ఇంత శ్రమకోర్చి చదివిన చదువుకు ఇక్కడ విలువ దక్కకపోతే ఆ నష్టం పూడ్చలేనిది. జపాన్‌లో ఒక క్రెడిట్‌కు ప్రాతిపదిక 45 గంటల అధ్యయనం. మన జాతీయ క్రెడిట్ చట్రంలో అది 30 గంటలు. ఈ లెక్క ఎలా సరిపోల్చాలో, ఏ పాఠానికి ఏ పాఠం సమానమో విద్యార్థి బయలుదేరక ముందే లిఖితపూర్వకంగా తేలాలి.

క్యాలెండర్ల మధ్య పొత్తు కుదరదు. మన సెమిస్టర్ జులై లేదా ఆగస్టులో మొదలై డిసెంబరులో ముగుస్తుంది. అక్టోబరులో జపాన్ వెళ్లినవారు ఒక సెమిస్టర్‌ను మధ్యలో విడిచి, ఫిబ్రవరిలో మరొకటి సగంలో ఉండగా తిరిగి వస్తారు. ముందస్తు ఏర్పాటు లేకపోతే ఒక సెమిస్టర్ మార్పిడికి రెండు సెమిస్టర్లు బలి అవుతాయి.

నిబంధనలు ఈ దిశగా కొంత మారాయి. 2021లో అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ వచ్చింది. 2022లో యూజీసీ విదేశీ సంస్థలతో కలిసి ట్విన్నింగ్, జాయింట్, డ్యూయల్ డిగ్రీలు నడిపేందుకు వీలు కల్పించింది. ట్విన్నింగ్‌లో 30 శాతం వరకు క్రెడిట్లను విదేశీ సంస్థలో సంపాదించవచ్చు. అయితే తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ విద్యార్థుల్లో అధికులు అనుబంధ కళాశాలల్లో ఉన్నారు. అక్కడ మార్పిడికి కళాశాల ఇష్టపడితే చాలదు, అనుబంధ విశ్వవిద్యాలయమూ అంగీకరించాలి. 2008లో ఏర్పడి, సంగారెడ్డి జిల్లా కందిలో జపాన్ రుణసాయంతో ప్రాంగణం నిర్మించుకున్న ఐఐటీ హైదరాబాద్‌కు ఆ దేశంతో ఏళ్ల తరబడి అల్లుకున్న బంధం ఉంది. జిల్లా కేంద్రంలోని కళాశాలకు అటువంటి దారి ఇంకా పడలేదు.

రెండువైపులా నడిచే దారి

మార్పిడి అన్న మాటలోనే ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. ఫీజు మినహాయింపు ఒప్పందాలు సాధారణంగా సమాన సంఖ్య మీద ఆధారపడతాయి. ఇక్కడికి వచ్చే జపాన్ విద్యార్థులు తగ్గితే, అక్కడికి వెళ్లే మనవారి సీట్లు కూడా క్రమేణా తగ్గుతాయి. 180 రోజులకు మించిన వీసాతో మన దేశానికి వచ్చే విదేశీ విద్యార్థి సైతం 14 రోజుల్లోగా విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేయించుకోవాలి. అతనికి హాస్టల్ గది, శుభ్రమైన నీరు, బ్యాంకు ఖాతా, ఫోను కనెక్షను కావాలి. అవి సమకూర్చడానికి మన ప్రాంగణాల్లో ఎవరున్నారన్నది ఒప్పందాల సంఖ్య కంటే ముఖ్యమైన ప్రశ్న.

చేయవలసిన పనులు భారీ వ్యయంతో కూడినవి కావు. క్రెడిట్ల ఒప్పందం మీద సంతకాలు పూర్తయ్యాకే టికెట్టు కొనే నియమం ఉండాలి. రెండు నెలల ప్రాథమిక భాషా శిక్షణ ఇవ్వాలి. బ్యాంకు ఖాతా తెరుచుకునేదాకా సరిపడే తొలి ఖర్చులకు అడ్వాన్సు ఇవ్వాలి. తిరిగి వచ్చిన విద్యార్థిని తదుపరి బృందానికి మార్గదర్శిగా నియమించాలి. వీటన్నిటినీ చూసుకునే ఒక పూర్తికాలపు అధికారి ఉంటే చాలు. 5 లక్షల మంది లక్ష్యం ప్రభుత్వాలది కావచ్చు. అందులో మొదటి విద్యార్థి వృథా కాకుండా చూడవలసినది మాత్రం అతణ్ని పంపిన విశ్వవిద్యాలయమే.