ప్లేటు మీద చెయ్యెయ్యకురా!



నూజివీడు ట్రిపుల్ ఐటీలో చదివే ఒక తమ్ముడు మొన్న నాతో వాదన పెట్టుకున్నాడు. "అన్నా, అసలైన డీజే అంటే రెండు టర్న్‌టేబుళ్ల మీద రికార్డులు తిప్పేవాడే. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని సింక్ బటన్ నొక్కేవాడు డీజే ఎట్లా అవుతాడు? అది గడ్డిలో మాగేసిన చిన్నరసం, ఇది కార్బైడ్ పెట్టిన బంగినపల్లి" అన్నాడు.

నాలుగేళ్లుగా మామిడితోటల మధ్య ఉంటున్నాడు కదా, పోలిక బాగానే దొరికింది. నవ్వాను కూడా. కానీ 'అసలైన' అన్న మాట దగ్గర నాకు ముల్లు గుచ్చుకుంది. మన బతుకుల్లో ఎవరైనా దేన్నైనా 'అసలు' అన్నారంటే, ఎవరినో గడప అవతల నిలబెట్టే అంటారు. అందుకే ఈ వారం దీని మీద రాస్తున్నాను.

ముందు ఆ పనేమిటో చెప్పుకుందాం. ఒక పాట అయిపోతుండగా రెండోది దాని మీదికి ఎక్కాలి. ఆడేవాళ్ల కాలు ఆగకూడదు. ఎక్కే పాట దెబ్బ, దిగే పాట దెబ్బ ఒక్కచోట పడాలి. రికార్డులతో చేసేవాడు ఒక చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండో పాట వింటాడు, ఇంకో చెవితో బయట మోగేది వింటాడు. వేగం పెంచే తగ్గించే మీట జరుపుతూ, ప్లేటును వేలితో కొంచెం తోస్తూ, కొంచెం ఆపుతూ రెంటినీ కలుపుతాడు. సాఫ్ట్‌వేర్ అయితే నిమిషానికి ఎన్ని దెబ్బలో తనే లెక్కకట్టి, అలల బొమ్మ గీసి తెర మీద చూపిస్తుంది. సింక్ నొక్కితే రెండో పాట వేగం మొదటిదానితో కలిసిపోతుంది. చెవి చేసే పని మిషన్ చేసేసిందన్నదే మా తమ్ముడి కోపం.

సరే. ఆ ప్లేట్లు మన దగ్గర ఎవరి చేతుల్లో ఉండేవి?

మా చిన్నతనంలో పెళ్లికైనా తిరునాళ్లకైనా మైకుసెట్టే. చింతచెట్టుకు హారన్లు కట్టేవాళ్లు. రేకుపెట్టెలో యాంప్లిఫయరు, పక్కన రికార్డు ప్లేయరు, అట్టపెట్టెలో ప్లేట్లు. ఆ పెట్టె మోసేది మా పల్లె పిల్లలం. బ్యాటరీ మోసేదీ మేమే. చెట్టెక్కి హారను కట్టేదీ మేమే, చెట్లెక్కడం మాకు తోటల్లో ఎట్లాగూ అలవాటే. కానీ ప్లేటు దగ్గరికి వచ్చేసరికి ఓనరు గొంతు మారేది: "ప్లేటు మీద చెయ్యెయ్యకురా!" గీత పడుతుందని ఒక కారణం చెప్పేవాడు. వాళ్లబ్బాయి వేస్తే మాత్రం గీత పడేది కాదు. ఏ పాట వెయ్యాలో అడిగే మాట దేవుడెరుగు, ముల్లు ఎత్తి పెట్టే భాగ్యం కూడా మాకు లేదు. అంచులు పట్టుకుని రెండు అరచేతుల మధ్య, దేవుడి పటంలా ఎత్తేవాడు దాన్ని. అది మడి కాక మరేమిటి?

ఇక్కడో చిన్న పిట్టకథ. పాత 78 రికార్డులు ప్లాస్టిక్ కాదు, లక్కతో చేసినవి. ఆ లక్క ఎక్కువగా మన దేశపు అడవుల నుంచే పోయేది. ఛోటానాగ్‌పూర్ వైపు ఆదివాసులు చెట్టుకొమ్మల నుంచి గీకి అమ్మితే, అది తిరిగి తిరిగి ప్లేటై వచ్చేది. ముట్టుకోకూడదన్న వస్తువు ఎవరి చేతుల మీదుగా పుట్టిందో చూడండి.

ఇప్పుడు న్యూయార్క్ వెళ్దాం. టర్న్‌టేబుల్ 'అసలు' అనేవాళ్లందరూ తిరిగి తిరిగి చూపించేది ఆ ఊరినే.

1973 ఆగస్టు 11. బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ ఎవెన్యూ 1520 నంబరు బిల్డింగు. జమైకా నుంచి వలస వచ్చిన కుటుంబం. బడులు తెరవబోతున్నాయి, కొత్త బట్టలకు డబ్బులు కావాలని చెల్లెలు సిండీ టిక్కెట్టు పెట్టి పార్టీ చేసింది. అన్న క్లైవ్ క్యాంప్‌బెల్ పాటలు వేశాడు. కూల్ హెర్క్ అని మనం వినే పేరు అతనిదే. జనం ఎప్పుడు ఊగిపోతున్నారో అతను గమనించాడు. పాటలో మాటలు ఆగి డ్రమ్ములు మాత్రమే మోగే ఆ కాస్త ముక్క దగ్గర. అదేమో కొన్ని సెకన్లలో అయిపోతుంది. ఒకే రికార్డు రెండు కాపీలు తెచ్చి, ఒకదాంట్లో ముక్క అయిపోగానే రెండోదాంట్లో అదే ముక్క మొదలుపెట్టాడు. మన డప్పులోళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు. ఆడేవాడు ఊపు మీదుంటే దరువు ఆపరు, తిప్పి తిప్పి అదే కొడతారు.

ఆ తర్వాత గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వచ్చాడు. బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగినవాడు, ఒకేషనల్ స్కూల్లో ఎలక్ట్రానిక్స్ నేర్చుకున్నవాడు. అందరూ అంచులు పట్టుకునే ప్లేటు మీద అరచెయ్యి ఆనించాడు. క్రేయాన్‌తో దాని మీద గీతలు గీశాడు, ముక్క ఎక్కడ మొదలవుతుందో కంటికి కనపడాలని. రికార్డుల్ని ప్రేమించేవాళ్లకు అది పాడుచెయ్యడం. ముట్టుకోకూడనిదాన్ని ముట్టుకున్నాడు, అందుకే అది వాయిద్యమైంది.

టెక్నిక్స్ ఎస్ఎల్-1200 అని ఇప్పుడు పూజలందుకుంటున్న మిషన్ ఉంది కదా. 1972లో వచ్చినప్పుడు అది ఇళ్లల్లో కూర్చుని పాటలు వినేవాళ్ల కోసం. నల్లజాతి, లాటినో పిల్లలు, క్లబ్బుల్లో పాటలేసేవాళ్లు దాన్ని వేరే పనికి వాడుకున్నారు. 1979లో వచ్చిన రెండో మోడల్‌కి వేగం మార్చే పొడుగాటి మీట పెట్టి కంపెనీ వాళ్ల దారికి వచ్చింది. 2010లో తయారీ ఆపేసి, 2016లో మళ్లీ మొదలుపెట్టింది. ఈనాడు మన దగ్గర కొత్తవి రెండు కొనాలంటే లక్ష దాటుతుంది. పైన మిక్సరు, ప్లేట్లు వేరే. తోటలో కోతకెళ్లే పిల్లాడితో "ముందు అవి కొనుక్కుని రా, అప్పుడు డీజే అంటాం" అనడం ఎట్లాంటి మాటో తమ్ముడే ఆలోచించాలి.

మన పాట ఎప్పుడు ప్లేటెక్కింది చెప్పండి? 1985లో కారంచేడు తర్వాత, 1991లో చుండూరు తర్వాత ఊరూరా తిరిగిన పాట గొంతు మీద తిరిగింది, డప్పు మీద తిరిగింది, క్యాసెట్ మీద తిరిగింది. టేప్‌రికార్డర్ రెండు బటన్లు కలిపి నొక్కితే చాలు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. క్యాసెట్ ధ్వని బాగోదని అప్పుడూ అన్నారు. నిజమే, బాగోదు. కానీ అంబేడ్కర్ పాట మా పల్లెకు వచ్చింది దాంట్లోనే. ల్యాప్‌టాప్ ఆ క్యాసెట్‌కు తమ్ముడు.

మా పల్లెలో ఒక పిల్లాడున్నాడు. పేరు రాయను. బంగినపల్లి కోతలప్పుడు పొద్దున్నే గెడ, చిక్కం పట్టుకుని తోటకెళ్తాడు. సొన కారి చేతులు కాలిన మచ్చలుంటాయి. ఆ చేతులతోనే రాత్రి ఊరేగింపు బండి మీద ల్యాప్‌టాప్ ముందు నిలబడతాడు. సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్, దానికి ఒక చిన్న కంట్రోలరు. వాళ్ల తాత డప్పు కొట్టిన మనిషి. చావుకి కొట్టాడు, జాతరకి కొట్టాడు, ఊళ్లో చాటింపు వేశాడు. ఇష్టపడి కాదు, కొట్టక తప్పక. ఆ తాత మంటకు డప్పు కాచుకుని, సిర్ర, చిటికెన పుల్ల పట్టుకుని కొడుతుంటే ఫోన్లో రికార్డు చేశాడు వీడు. పోయినసారి జయంతికి దాన్ని ఒక అంబేడ్కర్ పాట కిందికి ఎక్కించాలనుకున్నాడు.

సింక్ నొక్కాడు. కుదర్లేదు. ఎందుకు కుదురుతుంది? ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావరకు పాటను నాలుగు నాలుగు దెబ్బల గళ్లుగా కోసి చూస్తాయి. తాత దరువు మూడు మూడుగా ఊగుతుంది. పైగా మనిషి కొట్టిన దెబ్బ కదా, జనం ఊగితే ఉరుకుతుంది, చెయ్యి నొప్పెడితే కాస్త వెనకబడుతుంది. తెర మీద ఒక అంకె వస్తుంది, అది తప్పు. పిల్లాడు సింక్ తీసేశాడు. హెడ్‌ఫోన్ ఒక చెవికి పెట్టుకుని, కంట్రోలరు చక్రాన్ని వేలితో తోస్తూ, ఆపుతూ, తాత ఉరికినప్పుడు పాటను ఉరికిస్తూ మూడు నిమిషాలు నడిపాడు. వాడు రికార్డు ప్లేటును జన్మలో చూడలేదు. తమ్ముడు 'అసలైన డీజే' అన్నవాడు చేసే పని ఇదే కదా!

సింక్‌ని నేను వెనకేసుకు రావడం లేదు. పెన్‌డ్రైవ్‌లో ముందే కలిపిన గంట పాట పెట్టేసి, చేతులు గాల్లో ఊపేవాళ్లను నేనూ చూశాను. అదొక నటన. ముందు ఎవరు ఆడుతున్నారు, ముసలివాళ్లున్నారా, ఆడపిల్లలు పక్కకు జరిగిపోతున్నారా అన్నది వాడికి పట్టదు. చెవితో కలపడం నేర్చుకోండి, మంచిదే. చెవితో కలిపేవాడికి తెర చెప్పేది తప్పని తెలుస్తుంది. కానీ నేర్చుకోవడానికి జపాన్ మిషన్ కావాలనేది అబద్ధం. మిక్స్ (ఎమ్-ఐ-ఎక్స్-ఎక్స్-ఎక్స్ అని కొట్టి వెతకండి) అని ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, పూర్తిగా ఉచితం, దాని కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంటుంది. మీ ల్యాబ్ కంప్యూటర్లో నడుస్తుంది. సింక్ ముట్టుకోకుండా నెల రోజులు సాధన చెయ్యండి.

ఇంకో సంగతి, తమ్ముడు మెచ్చుకునే పెద్ద పెద్ద డీజేల్లో చాలామంది ప్లేటు మీద ఇప్పుడు పాటే ఉండదు. 2004లో సెరాటో స్క్రాచ్ లైవ్ వచ్చాక ప్లేటు మీద ఒక సంకేతం మాత్రం ఉంటుంది, పాట కంప్యూటర్లో ఉంటుంది. చెయ్యి ప్లేటు మీద, పాట ల్యాప్‌టాప్‌లో. ఈ రెంటికీ మధ్య వాళ్లకు లేని గొడవ మనకెందుకు?

నా గొడవ వేరే చోట ఉంది. ల్యాప్‌టాప్ మన పిల్లాడిది అయింది. బాక్సులెవరివి? యాంప్లిఫయర్లు, జనరేటరు, బండి ఎవరివి? మా చుట్టుపక్కల నాకు తెలిసినంతలో పల్లె మనిషివి కావు. రాత్రికి ఓనరుకు వేలల్లో ముడుతుంది, గొంతు ఎండేదాకా నిలబడ్డ పిల్లాడికి వందల్లో. బాక్సుల మీద పేరు ఓనరుది. బండి ఊళ్లోకి మలుపు తిరిగే చోట "ఆ పాట ఆపి వేరేది వెయ్యి" అనేదీ ఓనరే. పిల్లాడి వేలు బటన్ మీద ఉంటుంది, కానీ వైరు కొస ఓనరు చేతిలో ఉంటుంది. ఆనాడు ప్లేటు ముట్టుకోనివ్వలేదు. ఈనాడు ముట్టుకోనిస్తారు గానీ మోగనివ్వరు.

డప్పు సంగతీ మర్చిపోవద్దు. 1994లో ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక, వెట్టికి కొట్టిన డప్పే జెండా అయింది. ఈనాడు డప్పు కళాకారులకు మన రాష్ట్రంలో నెలకు 4000 రూపాయల పింఛను వస్తోంది. వస్తే మంచిదే. కానీ డీజే బండి వచ్చాక చాలాచోట్ల వాళ్లకు పిలుపు తగ్గింది. వెట్టి పోయినందుకు నాకు సంతోషం, పని పోయినందుకు బాధ. రెండూ నిజమే. తాత దరువును పాట కిందికి ఎక్కించిన పిల్లాడు ఆ రెంటి మధ్యా ఏదో దారి వెతుకుతున్నాడనిపిస్తుంది. అట్లా ఎక్కించినప్పుడు తాతకు కూడా డబ్బులివ్వాలని నేను వాడితో అన్నాను. ఒప్పుకున్నాడు.

ఏప్రిల్ 14కి మా దగ్గర బంగినపల్లి కోతలు మొదలవుతుంటాయి. కూలి డబ్బులు చేతిలో ఆడే రోజులు. ప్రతి ఏడూ జయంతి కమిటీ చందా వసూలు చేసి, అందులో పెద్ద ముక్క బాక్సుల కిరాయికి పోస్తుంది. ఒక్క రాత్రికి! ఈసారి కమిటీ ముందు నేనొక మాట పెట్టాను. కిరాయి బాక్సులు సగం చాలు. మిగిలిన డబ్బుతో రెండు బాక్సులు, ఒక యాంప్లిఫయరు సెకండ్‌హ్యాండ్‌వి కొని పల్లె పేరు మీద పెడదాం. పెళ్లిళ్లకు మన పిల్లలే తిప్పుకుంటారు. మోత తక్కువైతే పరువు పోతుందని ఇద్దరు అడ్డం తిరిగారు. ఆడవాళ్లు మాత్రం "చంటిపిల్లలు ఉలిక్కిపడి లేవకుండా ఉంటారు, రెండు చాలు" అన్నారు. కమిటీ వచ్చే ఆదివారం మళ్లీ కూర్చుంటుంది. ట్రిపుల్ ఐటీ తమ్ముణ్ణి కూడా రమ్మన్నాను. వైర్లు, వాట్ల లెక్క చూడటానికి మాకొక మనిషి కావాలి.