బడి గంట వేళ రోడ్డు ఎవరిది?

బడి గంటకు ముందు అరగంట, బడి విడిచాక అరగంట. ఈ గంటసేపు బడి ముందు రోడ్డు మీద కార్లు, లారీలు, ట్రాక్టర్లు తిరగకూడదని మనం అడగాలి. ఇది పట్నం కాన్వెంటుల గొడవ, మనకెందుకు అనుకోవద్దు. కాన్వెంటు పిల్లాడు కారులో వచ్చి గేటు దగ్గరే దిగుతాడు. సర్కారు బడికి నడిచిపోయేది మన వాడ పిల్లలు. వాడ రోడ్డుకు ఇవతల, బడి అవతల, మధ్యలో ఇసుక టిప్పర్లు. అమ్మానాయనలు ఆ పాటికే కూలికి పోయి ఉంటారు. ఏడో తరగతి అన్నే రెండో తరగతి చెల్లెలి చెయ్యి పట్టుకొని రోడ్డు దాటించాలి.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చచ్చిపోయారని కేంద్ర ప్రభుత్వ లెక్క. నడిచిపోయేవాళ్లు 32,825 మంది. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలు 9,528 మంది. మనవాళ్లెందరో తెలియదు, ఆ లెక్కలో కులం కాలమ్ లేదు.

రోడ్డు మీద నడిచే హక్కు మనకెవరూ దానం చేయలేదు. 1893లో తిరువాన్కూరులో అయ్యంకాళి, తన జనం నడవకూడదన్న రోడ్డు మీద ఎడ్లబండి తోలాడు. ఆ అయ్యంకాళే తర్వాత పులయ పిల్లల్ని బడిలో చేర్పించడానికి కొట్లాడాడు. మా పిల్లలకు బడి లేకపోతే మీ పొలాల్లో పని లేదని కూలీల చేత సమ్మె కట్టించాడు. దారి, బడి ఆయనకు ఒకటే పోరాటం. ఇవాళ నడవొద్దని బోర్డు పెట్టేవాడు లేడు. హారన్ కొట్టి పక్కకు తోస్తున్నారు, అంతే తేడా. ఊళ్లో టిప్పర్లు ఎవరివో అందరికీ తెలుసు గదా, పంచాయతీ నోరు మెదపదు.

ఇటలీలో బోల్జానో పట్నంలో 1989 నుంచే బడి వేళల్లో బడి ముందు వీధులు మూస్తున్నారు. లండన్‌లో ఇప్పుడు వందల బడుల ముందు ఇదే పద్ధతి. మనకు కొత్త చట్టం అక్కర్లేదు. 1988 మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద, జనం భద్రత కోసం ఫలానా రోడ్డు మీద ఫలానా బండ్లు తిరగొద్దని రాష్ట్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన వాళ్లు గానీ ఆర్డరు వెయ్యొచ్చు. నెలకు మించకపోతే గెజెట్ కూడా అవసరం లేదు, జనానికి తెలిసేలా చాటిస్తే చాలు. (చాటింపుకు డప్పు ఎట్లాగూ మనదే.) అందుకని ముందు నెల రోజులు పెట్టి చూడమని అడుగుదాం.

ఒక జాగ్రత్త. రూలు వచ్చిందంటే పోలీసు ముందు పట్టుకునేది ఆటోనే, టిప్పరును కాదు. ఆ ఆటోలు తోలేది చాలాచోట్ల మన కుర్రాళ్లే, పొరుగూరి పిల్లల్ని బడికి తెచ్చేదీ వాళ్లే. ఆటోలకు బడికి కాస్త ఎడంగా చోటు చూపించాలని అదే కాగితంలో రాయాలి. నడవలేని పిల్లల బండికి, అంబులెన్సుకు అడ్డు ఉండకూడదు. నాలుగు లైన్ల హైవే పక్క బడులకు ఇది చాలదు. హైవేను ఆపనియ్యరు. అక్కడ కింది దారి కావాలి, అది వచ్చేదాకా రెండు పూటలా దాటించే మనిషి కావాలి.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సర్కారు బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు. మన తల్లులు అక్కడ కూర్చొని తీర్మానం రాయించాలి. కాపీలు తహసీల్దారుకు, పోలీస్ స్టేషనుకు, కలెక్టరుకు ఇచ్చి రసీదు తీసుకోవాలి. కార్యకర్తలు ఈలోపు వారం రోజులు రెండు పూటలా బడి ముందు నిలబడి, ఎన్ని బండ్లు, ఎవరి బండ్లు పోతున్నాయో నోటుబుక్కులో రాయండి. దాన్ని తీర్మానానికి జత చెయ్యండి.