వలీమాలో వడ్డించినవాడు ‘ఫ్రెషర్’ ఎలా అవుతాడు?

మెహమాన్ నవాజీ మన ఖూన్‌లోనే ఉందని గొప్పగా చెప్పుకుంటాం. అదే మెహమాన్ నవాజీకి జీతమిచ్చే హోటల్‌కు దర్ఖాస్తు పెట్టేటప్పుడు మాత్రం మన పిల్లల రెజ్యూమేలో ఆ ఊసే ఉండదు.

మా మొహల్లా పిల్లలు కొందరు తమ కాగితాలు నాకు చూపిస్తుంటారు. అన్నీ ఒకే అచ్చు. నెట్ సెంటర్ వాడు పేరు మార్చి ప్రింట్ తీసిచ్చినవి. పైన ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ అని రాసుకున్నవాడికే అర్థం కాని ఇంగ్లీషు. తర్వాత తండ్రి పేరు, మజ్‌హబ్, షాదీ అయిందా లేదా, హాబీ క్రికెట్. అనుభవం దగ్గర ఒకే మాట: ‘ఫ్రెషర్’.

ఈ మాట దగ్గరే నాకు గుస్సా వస్తుంది. ఆ అబ్బాయి పదో క్లాసు నుంచి మామూ వెంట షాదీఖానాలకు వెళ్తున్నాడు. బగారా ఖానా, దాల్చా వేడి తగ్గకుండా వడ్డిస్తాడు. ఏ టేబుల్ మీద సాలన్ అయిపోయిందో దూరం నుంచే కనిపెడతాడు. బిర్యానీ ఇంకా దమ్ మీదే ఉందంటే చిరాకుపడే బుజుర్గ్‌ని అదబ్‌తో మాట్లాడి కూర్చోబెడతాడు. హోటల్ వాళ్లు ట్రైనింగ్‌లో నేర్పేది ఇదే కదా! ఇది తజుర్బా కాకపోతే మరేమిటి? ప్లేట్లు ఎత్తానని చెప్పుకుంటే ఇజ్జత్ పోతుందని మనమే వాడికి నేర్పాం. అమ్మీ అబ్బా కూడా ‘మావాడు హోటల్లో సర్వరా?’ అని తల దించుకుంటారు. ఇంటర్ తర్వాత ఎన్‌సీహెచ్ఎం జేఈఈ పరీక్ష రాసి ఐహెచ్ఎంలో ఈ పనికే డిగ్రీ చదివేవాళ్లున్నారని వాళ్లకు తెలియదు.

కాబట్టి ఉన్నదున్నట్టు రాయండి. ‘2022 నుంచి సెలవుల్లో షాదీ దావత్‌లలో సర్వీస్, ఒక్కో దావత్‌కు 300 నుంచి 500 మంది మెహమాన్లు, నాతో ఆరుగురి జట్టు.’ ఈ ఒక్క వాక్యం ముందు ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ లాంటి మాటలు దిగదుడుపే. అంకెలు మీవే కావాలి, నావి దించుకోకండి. ఉర్దూ, తెలుగు, హిందీ మూడూ ధారాళంగా మాట్లాడతామన్నది ఫ్రంట్ ఆఫీసుకు పెద్ద ఆస్తి. దాన్ని అడుగున కాదు, పైన రాయాలి. ఒక పేజీ చాలు. కిచెన్‌కు, హౌస్‌కీపింగ్‌కు ఒకే కాగితం పంపకండి. కిచెన్‌లో అందరికంటే కింది మెట్టు కమీ. దానికైతే ఏం కోయగలరో, ఎంతమందికి వండడంలో చెయ్యేశారో రాయాలి.

ఝూట్ మాత్రం వద్దు. డబ్బు తీసుకుని రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్ చేసిచ్చే కన్సల్టెంట్లు ఉన్నారు, గల్ఫ్ నౌకరీలకైతే మరీ. అక్కడ ఉల్లిపాయలు ముందు పెట్టి కోయమంటే రెండు నిమిషాల్లో బండారం బయటపడుతుంది.

ఇక మన ఇళ్లలో అసలు రుకావట్ శరాబ్. పెద్ద హోటళ్లలో ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్ అంటే చాలాచోట్ల బార్ డ్యూటీ కూడా పడుతుంది. నా రాయ్ ఏమిటంటే, ఈ సంగతి రెజ్యూమేలో రాయనక్కర్లేదు, కానీ ఆఫర్ ఒప్పుకునే ముందు సాఫ్‌గా అడగాలి. చేరాక రోజుకో బహానా చెప్తే మీ తర్వాత వచ్చే మన పిల్లాడికి దర్వాజా మూసుకుపోతుంది. హౌస్‌కీపింగ్ ఉంది, హాస్పిటల్ కిచెన్లు, ఆఫీసు క్యాంటీన్లు ఉన్నాయి. హలాల్ రోజీకి దారులు తక్కువేం లేవు. ఆడపిల్లలు కూడా హిజాబ్, నైట్ షిఫ్ట్, ఇంటికి చేర్చే బండి, ఈ మూడూ ఇంటర్వ్యూలోనే అడగాలి. అడిగితే ఉద్యోగం ఇవ్వరేమోనన్న ఫిక్ర్ నాకు అర్థమవుతుంది. చేరిన వారానికే మానేయడం కంటే అడగడమే నయం.

ఇంకొకటి. రెఫరెన్స్ కింద మామూ నంబరు రాసేముందు ఆయన ఇజాజత్ తీసుకోండి. హోటల్ నుంచి ఫోన్ వస్తే ‘లోన్ వద్దు భాయ్’ అని పెట్టేసే రకం మనవాళ్లు.