పునరుద్ధరణలో పరిధి తరుగరాదు

సంపాదక మహాశయా,

గడువు తీరిన ఫ్రాంచైజీ ఒప్పందమును పునరుద్ధరించునప్పుడు వ్యాపార పరిధిని కుదించు అధికారము ఫ్రాంచైజీ నిచ్చు సంస్థకు సహజముగానే కలదని మీ గత సంచికలోని వ్యాసకర్త వ్రాసినది నాకు సమ్మతము కాదు. ఇచ్చటి సింగపూరు సెరంగూన్ రోడ్డుపై ఇడ్లీ, దోసెలతో ఒక పేరును జనులకు అలవాటు చేసిన వర్తకుడు, కొత్త పత్రమునకు జతపరచిన పటములో తన హక్కు పేట యంతటినుండి ఒక్క అంగడి చిరునామాకు కుంచించుకొనిపోవుట గాంచినచో, అతని శ్రమఫలము అదే పేరుతో పొరుగు వీథిలో వెలయు రెండవ అంగడి పాలగును గదా! అంగడిని అన్యునకు విక్రయింపబూనినను తరచు ఇదియే గతి. కొనువాడు సంస్థవారి నేటి నమూనా పత్రమునే స్వీకరింపవలసివచ్చినచో, పరిధి తరిగి అంగడి ధర పడిపోవును. పొడిగించిన ఒప్పందపు షరతులు మునుపటివానికంటె ప్రతికూలముగా నుండరాదని మలేషియా 1998 నాటి ఫ్రాంచైజీ చట్టము విధించినది. సింగపూరులో అట్టి ప్రత్యేక చట్టమే లేదు, ఒప్పందములోని అక్షరమే శరణ్యము. కావున పరిధి పటము పునరుద్ధరణకును బదిలీకిని యథాతథముగా వర్తించునన్న వాక్యమును తొలి సంతకమునకు ముందే వ్రాయించుకొనుడని మన తెలుగు వర్తకులను వేడుచున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, సింగపూరు