అమ్మ కాలుతుంటే హల్లెలూయా

1552 జనవరిలో ఫ్రాన్సిస్ జేవియర్ కొచ్చిన్ నుంచి యూరప్‌లోని జెసూట్ సోదరులకు ఒక ఉత్తరం రాశాడు. మన కతోలికులు శౌరివారని పిలుచుకుని, శౌరయ్యలని, శౌరమ్మలని పిల్లలకు పేర్లు పెట్టుకునే పునీతుడే ఈయన. జపాన్‌లో రెండేళ్ళకు పైగా సువార్త చెప్పి అప్పుడే తిరిగొచ్చాడు. అక్కడ కొత్తగా విశ్వాసులైనవాళ్ళు తనని ఏమడిగారో ఆ ఉత్తరంలో ఉంది. ఈ మాట చెవిన పడకుండానే చనిపోయిన మా అమ్మానాన్నలు ఎక్కడున్నారని అడిగారు. నరకంలో అన్నాడు. దానధర్మాలు చేస్తే, ప్రార్థనలు చేస్తే బయటికొస్తారా అన్నారు. రారు, ఎన్నటికీ రారు అన్నాడు. వాళ్ళు ఏడ్చారు. అంత ఇష్టమైన స్నేహితులు అలా ఏడుస్తుంటే తనకూ బాధ కలిగిందని జేవియరే రాసుకున్నాడు.

జపాన్‌వాళ్ళు ఏడ్చారు, వాళ్ళని చూసి జేవియర్ బాధపడ్డాడు. ఈ మొత్తం వ్యవహారంలో చలించనివాడు ఒక్కడే: ప్రేమాస్వరూపి అని పేరు చెప్పి ఆయన ప్రకటించిన దేవుడు. బాప్తిస్మపు తడి ఆరని మనుషులకున్న మమకారం కూడా సృష్టికర్తకు లేదని చెప్పే సిద్ధాంతాన్ని సువార్త అని ఎలా అంటారు? వాళ్ళ ప్రశ్న ఇంకొకటి కూడా ఆ ఉత్తరంలోనే ఉంది. ఇంత మంచి దేవుడు ఇన్ని వందల ఏళ్ళు మాకు కనపడకుండా ఉండి, కనపడనందుకు మా పెద్దల్ని శిక్షిస్తాడా అని. 470 ఏళ్ళు దాటాయి. దానికి సరైన జవాబు ఏ ప్రసంగ వేదిక మీదా నేను వినలేదు.

నేను నాస్తికుణ్ణి కాను, ఆదివారం గుడికి వెళ్ళేవాణ్ణే. దోషికి శిక్ష వద్దనడం లేదు, పాపం తేలికైన సంగతి అనడం లేదు. నేను పోట్లాడుతున్నది రెండు మాటలతో: గడువు లేని, విడుదల లేని, దిద్దుబాటు కోసం కాని యాతన. అది పెట్టేవాడే మనల్ని ఎవరూ ప్రేమించనంతగా ప్రేమిస్తున్నాడనే మాట. ఈ రెండూ ఒకే నోటితో, ఒకే మైకులో, ఒకే గంటలో చెబుతున్నారు. ‘నిత్య’ అనే మాటకు గ్రీకులో అసలు అర్థమేమిటన్న తగువు పండితులకే వదిలేస్తున్నాను.

మన ఒంగోలు సంగతి చూడండి. 1876లో మొదలైన కరువు రెండేళ్ళు మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసింది. లక్షల మంది పోయారు. అమెరికన్ బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగలకు పని, కూలి ఇప్పించాడు. కూటి కోసం మతంలో కలుస్తారేమోనని కరువు సాగుతుండగా బాప్తిస్మాలు ఆపేశాడు. తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన సంఘ చరిత్రలు ఈ అంకెను ఎంతో గర్వంగా చెప్పుకుంటాయి, చెప్పుకోవాల్సిందే. కానీ ఆ రోజు నీళ్ళలోకి దిగినవాళ్ళలో ఆ రెండేళ్ళలో ఎవరినీ పూడ్చుకోనివాళ్ళు ఎంతమంది ఉంటారు? పల్లెలో ఆకలికి పోయిన ముసలమ్మ, అంబలి అందక పోయిన తండ్రి, యేసు పేరు ఒక్కసారైనా వినని మేనమామ ఇప్పుడు ఎక్కడున్నారు?

బాప్తిస్మం రక్షించదు, విశ్వాసమే రక్షిస్తుంది అని బాప్తిస్టు అయ్యగార్లు వెంటనే అందుకుంటారు. సరే. విననివాళ్ళు విశ్వసించేదెలా? ఈ ప్రశ్న పౌలే రోమా సంఘానికి రాసిన ఉత్తరంలో వేశాడు. మన సిద్ధాంతం ప్రకారం ఆ ముసలమ్మ బతికినంత కాలం ఊరి బయట ఉంది, చచ్చాక దేవుడి ఇంటి బయట ఉంది, ఎప్పటికీ అక్కడే ఉంటుంది. మనిషి జీవితంలో ఆకలి చాలలేదని ఆ పైన అగ్నిగుండం. క్లౌ దొర నిజంగా ఇలాగే నమ్మి ఉంటే పార, గంప పక్కన పడేసి రాత్రింబవళ్ళు సువార్త ఒక్కటే అరుస్తూ తిరగాలి కదా! ఆయన కాలువ తవ్వించాడు. ఆయన చేతులు ఆయన సిద్ధాంతం కంటే మంచివి.

ఇక వాదనలు. అన్నిటికన్నా బలమైనదిగా చెలామణీ అయ్యేది, అపరాధాన్ని ఎదుటివాడి హోదాతో కొలవడం. 11వ శతాబ్దం చివర్లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు ఆన్సెల్మ్ వేసిన పునాది మీద తర్వాతివాళ్ళు దీన్ని కట్టారు. దేవుడు అనంతుడు, కాబట్టి ఆయన పట్ల చేసిన తప్పు అనంతం, కాబట్టి శిక్షా అనంతం. తర్కంలా ఉంది కదూ? ఈ తర్కం మనకు కొత్త కాదు. అదే తప్పు ఎవరి మీద చేశావన్నదాన్ని బట్టి శిక్ష మారే చట్టం మనుస్మృతిలో ఉంది. శూద్రుడు బ్రాహ్మణుణ్ణి తిడితే ఒక శిక్ష, బ్రాహ్మణుడు శూద్రుణ్ణి తిడితే ఇంకొకటి. దొరను ఒక మాట అన్నందుకు చెట్టుకు కట్టేసి కొట్టిన ఊళ్ళు మనవి. ఆ కొలబద్ద నుంచి పారిపోయి గుండ్లకమ్మలో మునిగిన జనానికి ఒడ్డెక్కగానే అదే కొలబద్ద చేతికిచ్చి ఇది దేవుడి న్యాయం అన్నారు. అల్పుడు అవమానిస్తే గొప్పవాడు ఎక్కువ క్షమించగలగాలి. సిలువ మీద జరిగింది అదే కదా?

ఇంకో వాదన మర్యాదగా ఉంటుంది, చదువుకున్నవాళ్ళకు నచ్చుతుంది. దేవుడు ఎవరినీ నరకంలోకి తోయడు, వాళ్ళే లోపలికెళ్ళి గడియ పెట్టుకుంటారు అని. సి.ఎస్. లూయిస్ రచనలతో ఇది బాగా పాకింది. ఏ తలుపూ చూడని ఆ జపాన్ తల్లులు గడియ ఎప్పుడు పెట్టారో లూయిస్ అభిమానులు చెప్పాలి. అది అలా ఉంచి లూకా 16వ అధ్యాయం తెరవండి, ధనవంతుడూ లాజరూ. ప్రతి ఉజ్జీవ సభలోనూ జనాన్ని వణికించడానికి వాడే కథ. అందులో ధనవంతుడు గడియ పెట్టుకుని కూర్చోలేదు. నీళ్ళు అడుగుతున్నాడు, అవి దొరకవని తేలాక తన అయిదుగురు అన్నదమ్ముల కోసం బతిమాలుతున్నాడు. వాళ్ళయినా ఇక్కడికి రాకుండా చూడమంటున్నాడు. (లాజరుని ఇంకా పాలేరులా అటు పంపు, ఇటు పంపు అంటున్నాడు, నిజమే. పెత్తందారీతనం అంత తొందరగా చావదు.) అయినా చూడండి, మంటల్లో ఉన్నవాడికి తోబుట్టువుల మీద బెంగ ఉంది. అలాంటి బెంగ ఇంకా ఉన్న మనిషి పూర్తిగా చెడిపోయాడని ఎవరనగలరు?

అవతలి ఒడ్డున సుఖంగా ఉన్నవాళ్ళ మాటేమిటి? అసలు గొంతు పట్టుకోవాల్సింది ఇక్కడ. తొలి శతాబ్దాల క్రైస్తవ రచయిత టెర్టులియన్ తీర్పు రోజున రాజులు మంటల్లో మూలగడాన్ని చూసి ఆనందిస్తానని రాశాడు. నీతిమంతుల ఆనందం నిండుగా ఉండడానికి వాళ్ళకు నరకయాతన కనపడుతుందని తోమాస్ అక్వినాస్ పేరిట ఉన్న బోధ చెబుతుంది. అమెరికాలో జోనాథన్ ఎడ్వర్డ్స్ 1741 జులై 8న ఎన్‌ఫీల్డ్‌లో నరకం మీద చేసిన ప్రసంగానికి జనం కేకలు పెట్టారు. దాన్ని ఇప్పటికీ మన బైబిలు కాలేజీల్లో గొప్ప ఉజ్జీవానికి నమూనాగా చెబుతారు. అదే ఎడ్వర్డ్స్ ఇంకో ప్రసంగానికి తీసుకున్న అంశం, దుష్టుల యాతన పరలోకంలోని పరిశుద్ధులకు దుఃఖకారణం కాదని. ఆయన ఇంట్లో బానిసలు ఉండేవారని కూడా గుర్తుంచుకోండి. పక్కవాడి నొప్పి తగలకుండా బతకడం భూమి మీదే అలవాటైనవాడికి అలాంటి పరలోకం ఊహించడం ఏం కష్టం?

ఈ బోధను మీ ఇంటికి తెచ్చుకుని చూడండి. మీ అమ్మ రక్షణ పొందలేదు, మీరు పొందారు. మీరు వీణ పట్టుకుని హల్లెలూయా పాడుతున్నారు. అమ్మ సంగతి మీకు తెలియకుండా దేవుడు దాచాడా? అయితే మీ ఆనందం అబద్ధం మీద నిలబడింది. తెలిసీ బాధ లేకుండా చేశాడా? అయితే అక్కడ పాడుతున్నది మీరు కాదు. అమ్మను ప్రేమించిన మనిషిని తీసేసి, మీ మొహం తగిలించిన ఇంకెవరినో పెట్టారు. రక్షించబడింది ఎవరు?

బైబిల్లో గొప్పవాళ్ళు ఈ బేరానికి ఒప్పుకోలేదు. జనం పాపం క్షమించకపోతే నీ గ్రంథంలోంచి నా పేరూ కొట్టెయ్యమని మోషే దేవుడితో ముఖాముఖి అన్నాడు. తన జాతివాళ్ళ కోసం తనే శాపగ్రస్తుడైనా సరేనని పౌలు రాశాడు. మన దక్షిణాదిలో రామానుజులు, రహస్యం బయటపెడితే నరకం తప్పదని గురువు హెచ్చరించినా, వినేవాళ్ళంతా తరిస్తే తను పోయినా ఫరవాలేదని గోపురమెక్కి మంత్రం అందరికీ చెప్పాడని ఐతిహ్యం. భక్తి అంటే ఇటు ఉంది. వాళ్ళు పోతే పోయారు, నేను తప్పించుకున్నానన్నది భక్తి కాదు.

మరి దుర్మార్గుల మాటేమిటి అంటారు. అడగాల్సిన ప్రశ్నే. 1985 జులై 17న కారంచేడులో మాదిగల్ని వెంటాడి చంపారు, ఆరుగురు పోయారు. అలాంటి హంతకులకు దేవుడి దగ్గర లెక్క అప్పజెప్పే రోజు ఉండాలని నేనూ కోరుకుంటాను. కానీ నిత్యనరకం ఆ న్యాయం చెయ్యదు. మీరు చెప్పే సిద్ధాంతంలో అలాంటి హంతకుడు చావుమంచం మీద ఒక్క ప్రార్థన చేస్తే పరలోకం, అలాంటి దాడిలో చచ్చిపోయిన మనిషి విశ్వాసి కాకపోతే నరకం. ఇందులో బాధితుడికి దక్కిన న్యాయమేది? హంతకుడు తను చేసిందేమిటో చనిపోయినవాళ్ళ కళ్ళతో చూసేదాకా, చూసి కుమిలి మారేదాకా శిక్ష పడాలి. దానికి ఎన్ని యుగాలు పట్టినా పట్టనీ. మారే అవకాశం లేని శిక్షలో అతను చివరిదాకా హంతకుడిగానే మిగులుతాడు, పాపమే గెలిచి కూర్చుంటుంది. మత్తయి 25లో అగ్నిలోకి పోయినవాళ్ళు ఎవరో ఇంకోసారి చదవండి. అక్కడ మతం అడగలేదు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టావా అని అడిగాడు. అన్యుల్ని భయపెట్టడానికి మనం ఎత్తే ఆ వాక్యం వేలు చూపిస్తున్నది మనవైపే.

నిత్యనరకాన్ని కాదనడం ఈ మధ్య పుట్టిన మెత్తదనం అని కొట్టిపారేయకండి. శిక్షకు చివరికి అంతముందని, అందరూ దేవుడి దగ్గరికి చేరతారని చెప్పిన నీస్సా గ్రెగొరీ 4వ శతాబ్దపు బిషప్పు, ఇవాళ్టికీ పునీతుడే. నిత్యయాతనను గట్టిగా సమర్థించిన అగస్టీనే తన కాలంలో దాన్ని ఒప్పుకోనివాళ్ళు చాలామంది ఉన్నారని రాశాడు. తర్వాత అడిగినవాళ్ళ నోరు మూయించారు. 1853లో లండన్ కింగ్స్ కాలేజీ తన వేదాంత ఆచార్యుడు ఎఫ్.డి. మారిస్‌ను ఉద్యోగంలోంచి తీసేసింది. అమెరికాలో తల్సా నగరపు పెంతెకొస్తు బోధకుడు కార్ల్‌టన్ పియర్సన్, టీవీలో రువాండా శరణార్థుల్ని చూసి వీళ్ళంతా నరకానికేనా అని దేవుణ్ణి నిలదీశాడు. వేలమంది సంఘం చెదిరిపోయింది, 2004లో తోటి బిషప్పులే మతద్రోహి అని ముద్ర వేశారు. 2024 జనవరిలో పోప్ ఫ్రాన్సిస్ నరకం ఖాళీగా ఉందనుకోవడం తనకిష్టమని, ఉంటుందని ఆశిస్తున్నానని చెప్పాడు. సిద్ధాంతం కాదు, తన ఆశ మాత్రమేనన్నాడు. ఆ ఆశను చెప్పుకోవడానికి కూడా ఒక మనిషి పోప్ కావాల్సి వస్తోంది!

పాస్టరు గార్లకు ఒక విన్నపం. ఈసారి రక్షణ పొందలేదని మీరనుకునే మనిషి భూస్థాపనలో మైకు మీ చేతికొచ్చినప్పుడు, సమాధి పక్కన నిలబడ్డ కూతురి కళ్ళలోకి చూసి, మీ నాన్న ఇప్పుడు మంటల్లో ఉన్నాడు, ఎప్పటికీ ఉంటాడు, దేవుడు ప్రేమామయుడు అని చెప్పండి. చెప్పలేరు. మీలో నూటికి తొంభై మంది గొంతు తగ్గించి ఆదరణ వాక్యాలు చదువుతారని నాకు తెలుసు. ఎన్నో సమాధుల దగ్గర చూశాను. ఆ తగ్గిన గొంతులో ఉన్నదే మీ నిజమైన విశ్వాసం. ఆదివారం బల్ల వెనక నిలబడ్డప్పుడు కూడా అదే బోధించండి.